ఒంటిమీది వెండి

ఒంటిమీదున్న వెండి నల్లబడదు. పెట్టెలో దాచిందే నల్లబడుతుంది. తెనాలిలో మా అద్దె ఇంట్లో వెండి తోమే పని నాది. కుంకుడు రసంలో అరగంట నానేసి, పాత బ్రష్షుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డకు విభూతి అద్ది తుడుస్తాను. కోడలు సుష్మ ఫోనులో చూసి చెప్పిన సోడా పద్ధతికి నేను ఒప్పుకోలేదు. నా వెండి మొలతాడును మాత్రం యాభై ఏళ్ళలో ఒక్కసారీ తోమలేదు. ఆ అవసరం రాలేదు.

ఎనిమిది రోజుల క్రితం, ఆదివారం, దీపాల వేళకు వాన పడుతోంది. వరండాలో కూర్చున్నాను. సుష్మ నా మనవరాలి పట్టీలు తెచ్చి ముందు పెట్టింది.

"మావయ్యా, బేబీ పట్టీలు చూడండి. కాళ్ళకే ఉన్నాయి, అయినా ఇలా అయ్యాయి."

బొగ్గులా ఉన్నాయి.

"వారం కాలేదు కదమ్మా తోమి."

"మీ విభూతి మహిమేమోనండి," అంది. నవ్వబోయి ఆగింది. "పిల్ల పొద్దుటి నుంచీ నిద్రేనండి. అన్నం ముట్టలేదు. జ్వరం లేదంటాడు డాక్టరు. కాళ్ళు ముట్టుకుంటే కుండలో నీళ్ళలా చల్లగా ఉన్నాయి."

పట్టీలు నానేశాను. రసం ఎలాగూ ఉంది కదా అని రావమ్మవి కూడా తోముదామని లేచాను.

రావమ్మ నా భార్య. పోయి పది నెలలు. "నా పట్టీలు తియ్యొద్దయ్యా, బోసి కాళ్ళతో పంపొద్దు," అని అడిగింది. నేను వినలేదు. మట్టిలో వెండి దేనికన్నాను. మర బిగుసుకుపోయి రాకపోతే సబ్బు రాసి లాగాను. చీలమండ దగ్గర తోలు లేచింది. అవి గుడ్డలో చుట్టి రేకు డబ్బాలో పెట్టాను. మళ్ళీ తెరవలేదు.

డబ్బా తీస్తుండగా కరెంటు పోయింది. చీకట్లో వాన చప్పుడు. కుంకుళ్ళ వాసన. కొవ్వొత్తి వెలిగించి మూట విప్పాను...

తెల్లగా మెరుస్తున్నాయి. రోజూ తొడుక్కున్న వెండిలా.

ముట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి... అప్పుడే కాలి నుంచి తీసినట్టు.

భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. వాటిని చేతిలో పట్టుకునే వెళ్ళి, బేబీ పాదం తాకాను. వెండికున్న వెచ్చదనం పాదానికి లేదు.

పిల్ల కళ్ళు తెరవకుండా గొణిగింది.

"చలేస్తోంది తాతయ్యా... పైన వాన పడుతోందా?"

గొడుగు తీసుకోలేదు. శ్మశానంలో రావమ్మను పెట్టిన చోట చేత్తోనే మట్టి తవ్వి పట్టీలు పెట్టాను. నేను ఎవరినీ బతిమాలినవాణ్ణి కాదు.

"పిల్లను వదిలెయ్యవే," అన్నాను. "తీసింది నేను. నన్నడుగు."

వాన పడుతూనే ఉంది.

మర్నాడు బేబీ మూడు ఇడ్లీలు తిని, చట్నీ చాల్లేదని తగువు పెట్టుకుంది. తోమిన పట్టీలు తొడిగాను. వారమైనా తళతళలాడుతున్నాయి. "ఈసారి బాగా పట్టిందండి మీ విభూతి," అంది సుష్మ.

నేనూ బాగానే ఉన్నాను. ఆకలి లేదు, అంతే. నిన్న స్నానం చేస్తుంటే నీళ్ళు వేడివో చల్లవో తెలియలేదు. తువ్వాలు చుట్టుకోబోతూ కిందికి చూశాను.

మొలతాడు నల్లగా ఉంది.

తోమాను. తెల్లబడింది. సాయంత్రం చొక్కా ఎత్తి చూసుకున్నాను... మళ్ళీ బొగ్గే.

ఎవరికీ చెప్పలేదు. ఇందాక బేబీ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

వెంటనే వదిలేసింది.