బంగారమ్మ గొంతు

"అకౌంట్ ఎవరి పేరు మీద పెట్టాలమ్మా? ఆ పేరు గట్టిగా చెప్పు," అన్నారు డాక్టర్ ఫణీంద్ర.

పోలమ్మ గోడ మీది తెరను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పేరు మాత్రం చెప్పలేదు.

పట్నం నుంచి వచ్చిన సైంటిస్టుకేం తెలుసు పాపం. ఈ జాలరి కాలనీలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పక్కింటి బంగారమ్మే "గరగయ్య" అని చెప్పేసింది. "సెటప్ పూర్తయింది," అంది తెర. అలా వీధంతా తిరిగి అందరి మొగుళ్ల పేర్లూ ఆవిడే చెప్పింది. పని తొందరగా తెములుతోందని డాక్టరుగారు సంబరపడ్డారు.

ఆయన కనిపెట్టింది మామూలు ఈమెయిలే, కాస్త తెలివి ఎక్కువ. మెయిల్ ఉండేది పట్నంలోని సర్వర్‌లో. ఇంట్లో తెర, పడవలో పెట్టె, రెండూ దానికి కిటికీలన్నమాట. పడవలో చెప్పిన మాట ఇంటి తెర మీద పడుతుంది. ఇంట్లో చెప్పింది పడవలో పెట్టె పైకి చదువుతుంది, వల లాగే చేతులకు తీరిక ఉండదు కదా. పాస్‌వర్డులు, సర్వర్ పోర్ట్ నంబర్లు టైప్ చేసే గొడవే లేదు. ఇంటి తెరకు గొంతే తాళంచెవి. సెటప్‌లో విన్న గొంతుకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోదు. ఒకరి మెయిల్ ఇంకొకరు చూడకూడదని డాక్టరుగారి పంతం.

అర్థమైంది కదా? కాలనీ మెయిలంతా బంగారమ్మ గొంతుకే తెరుచుకుంటుంది. "నా పొయ్యి ఎప్పుడు వెలిగించుకోను?" అని సణుగుతూనే ఆవిడ రోజూ అందరి గుమ్మాలూ ఎక్కేది. సంగతి తెలిసి డాక్టరుగారు తల పట్టుకున్నారు. అన్నీ చెరిపి కొత్తగా పెడదామని మళ్లీ వచ్చారు.

ఆయన వచ్చిన రోజే గాలి తిరిగింది. పోలమ్మ ఇంటి తెర మోగితే బంగారమ్మ తెరిచింది. గరగయ్య మాట: "ఇంజను ఆగిపోయింది. లైట్‌హౌస్‌కి తూర్పుగా కొట్టుకుపోతున్నాం. పడవలోకి నీళ్లొస్తున్నాయి."

పోలమ్మ గుమ్మం దాటి తీరం వైపు పరుగెత్తబోయింది. తీరం నుంచి బోటు పోయేసరికి చీకటి పడుతుంది.

"ఉండవే," అంది బంగారమ్మ. "పొద్దున ఎల్లాజీ మాట చదివాను. వాడూ లైట్‌హౌస్ దగ్గరే వల వేశాడు."

ఎల్లాజీ పెళ్లాం చేపల గంప ఎత్తుకుని బజారుకు పోయింది. అయినా వాళ్లింటికి పరుగెత్తిన బంగారమ్మ గొంతుకు ఆ తెర కూడా తెరుచుకుంది. "ఒరే ఎల్లాజీ, వల వదిలెయ్. తూర్పుకు పో. గరగయ్య మునిగిపోతున్నాడు," అంది.

కాసేపటికి జవాబు పడింది: "పోతున్నా అత్తా."

చీకటి పడ్డాక రెండు పడవలూ ఒడ్డుకొచ్చాయి. తడిసి ముద్దయిన మనిషి దిగుతుంటే, పోలమ్మ "గరగయ్యా" అని పేరు పెట్టి అరిచేసింది. ఎవరూ నవ్వలేదు. తర్వాత ఆమె బంగారమ్మ చేతులు కళ్లకద్దుకుని, "నీ రుణం ఎలా తీర్చుకోను పిన్నీ," అని ఏడ్చింది. డాక్టరుగారికీ దండం పెట్టబోతే ఆయన వెనక్కి తగ్గారు. తన తాళం సరిగ్గా పనిచేసి ఉంటే ఈ గరగయ్య బతికేవాడు కాదని ఆయనకు తెలుసు.

"ఇప్పుడు పేరు పలికావు కదమ్మా. నీ గొంతుకే తెరుచుకునేలా పెట్టనా?" అని అడిగారు.

"వద్దు బాబూ. మా పిన్ని దగ్గరే ఉండనీ."

డాక్టరుగారు తన మెయిల్ ఉన్న ఫోన్ తీసి బంగారమ్మ ముందు పెట్టారు. "దీన్లో నా పేరు కూడా నువ్వే చెప్పమ్మా."

"మీ ఇంటావిడ మాటలు కూడా నేనే చదవాలా?"

"చదువు. నేనే అవి చూడక చాలా రోజులైంది."

బంగారమ్మ పేరు చెప్పింది. ఫోన్ తెరుచుకుంది. కళ్లు చికిలించి చదివి, ఫోన్ ఆయన చేతిలోనే పెట్టేసింది.

"మందు వేసుకున్నారా అని నిన్నట్నుంచీ అడుగుతోంది బాబూ. ముందు ఆవిడకి జవాబు చెప్పు."