పార్ట్‌నర్ ఒప్పుకోవడం లేదు

మా బామ్మర్ది అసలు పేరు వాళ్ళమ్మకీ బ్యాంకువాళ్ళకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ వాడు 'సగం'. ఎవరు ఏ ధర చెప్పినా వాడి నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. డాక్టరు పదిరోజులు మందులు వాడమంటే అయిదు రోజులకి ఒప్పించి వచ్చాడు. పెళ్ళికి ఫొటోగ్రాఫర్‌ని సగానికి దింపాడు. ఆల్బంలో పెళ్ళికూతురు ఒక్కతే ఉంటుంది. తర్వాత ఆవిడ వీణ్ణి వదిలేసి వెళ్ళిపోయినప్పుడు ఆల్బంలోంచి వీణ్ణి కత్తిరించాల్సిన పని కూడా లేకపోయింది.

నడుస్తున్న వెబ్‌సైట్లు కొనడం వాడి వ్యాపారం. ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని రాసి, చూసే జనాన్ని పోగేసి, చివరికి విసుగొచ్చో జబ్బుచేసో అమ్మకానికి పెడతారు. వీడు కొంటాడు, ఆర్నెల్లు ఉంచుకుని ఇంకొకరికి అమ్ముతాడు. ఆ వ్యాపారంలో ధరకి ఒక పద్ధతుంది. సైటు మీద నెలకి ఎంతొస్తుందో చూసి, అలాంటివి ముప్ఫై నెలలు కడితే న్యాయమైన ధర. నాకు ఆ పద్ధతి నేర్పింది మావాడే. న్యాయమైన ధర ఎంతో తెలియకపోతే దానికి ఎంత దూరంగా ఉండాలో ఎలా తెలుస్తుంది బావా, అంటాడు.

వాడి ఆయుధం పార్ట్‌నర్.

"నాకైతే ఇచ్చేద్దామనే ఉందండీ. మా పార్ట్‌నరే మొండివాడు. ఒక్క నిమిషం, అడిగొస్తా" అంటాడు. ఫోను చెవిన పెట్టుకుని బయటికి వెళ్తాడు. కాసేపు బతిమాలుతున్నట్టు మాట్లాడి మొహం వేలాడేసుకుని తిరిగొస్తాడు. "పార్ట్‌నర్ ఒప్పుకోవడం లేదండీ."

పార్ట్‌నర్ అనేవాడు లేడు. ఆ ఫోనులో అవతల ఎవరూ ఉండరు. కానీ ఆరేళ్ళుగా చెప్పీ చెప్పీ ఆ లేనివాడికి మావాడు ఒక మనిషినే తయారుచేశాడు. వాడు నవ్వడట. వాడికి నిద్ర పట్టదట. ఎప్పుడూ ఎడమ పక్క కుర్చీలోనే కూర్చుంటాడట. ఒకసారి సైటు అమ్ముకుంటూ ఒక ముసలాయన ఏడుస్తుంటే, "మా పార్ట్‌నర్‌కి జాలి లేదు బాబాయిగారూ" అని కళ్ళు తుడిచి మరీ ఇంకో పదిహేను వేలు తగ్గించాడు. ఆ కథ నేనే వీధంతా తిరిగి చెప్పాను. బాగా నవ్వారు.

నాది జిరాక్సు షాపు. వాడి ఒప్పందాలు రాసేదీ, సాక్షి సంతకం పెట్టేదీ నేనే. అందుకే ఆ రోజు నన్నూ తీసుకెళ్ళాడు.

అది కుట్టుమిషన్ రిపేర్ల సైటు. ఏ మిషన్‌కి ఏ జబ్బు చేస్తుందో, ఏ భాగం ఎలా విప్పాలో బొమ్మలతో సహా ఉంటుంది. జనం ప్రశ్నలు అడుగుతారు, కింద జవాబులు వస్తాయి. పదకొండేళ్ళలో జవాబు లేని ప్రశ్న ఒక్కటి లేదు. నెలకి ఇరవై వేలు ప్రకటనల మీదే వస్తోంది. ఆరు లక్షలు న్యాయమైన ధర. ఆవిడ కూడా ఆరే చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి వెళ్ళాం. బయట వాన. మూడో అంతస్తులో ఇరుకు వాటా. గోడల పొడుగునా రేకు డబ్బాలు, వాటి మీద కాగితాలు అంటించి చేత్తో రాసిన భాగాల పేర్లు. మిషన్ నూనె వాసన, దాని కింద ఇంకేదో తడిగుడ్డ ముక్కిపోయినట్టు వాసన. లోపలి గదికి తలుపు లేదు, మందపాటి నీలం తెర ఉంది. తెర వెనక ఎవరో టైపు చేస్తున్నారు. టక టక టక... ఆగకుండా.

ఆవిడకి నలభై అయిదుంటాయి. మెడలో కొలతల టేపు. కళ్ళ కింద నలుపు ఎంత దట్టంగా ఉందంటే ఎవరో కొట్టారేమో అనుకున్నాను. బిస్కెట్లు పెట్టింది.

"నెలాఖరుకి మా చెల్లి దగ్గరికి వెళ్ళిపోవాలన్నయ్యగారూ" అంది నాతో. "దాని కుట్టు షాపులో నాకు చోటు ఉంచింది. ఇది అమ్మకుండా ఇక్కణ్ణించి కదల్లేను."

మావాడి మొహం వెలిగింది. తొందరలో ఉన్నవాళ్ళంటే వాడికి ప్రాణం.

"అక్కా, ఉన్నమాట చెప్తున్నా, ఏమీ అనుకోకండి" అని మొదలుపెట్టాడు. ఫోనులో సైటు సరిగ్గా కనపడదన్నాడు. బొమ్మలు పాతవన్నాడు. కుట్టుమిషన్లు వాడేవాళ్ళే ఇంకో అయిదేళ్ళలో ఉండరన్నాడు. మెడలో టేపుతో కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పాడు. "సగం ఇస్తాను."

"మా ఆయన్ని అడిగొస్తాను" అని ఆవిడ తెర వెనక్కి వెళ్ళింది.

మావాడు నావైపు వంగాడు. "చూశావా బావా. ఈవిడకీ ఒక పార్ట్‌నర్ ఉన్నాడు."

తెర వెనక టైపు చప్పుడు ఆగింది. ఆవిడ గుసగుస వినపడింది. ఆయన గొంతు వినపడలేదు. మళ్ళీ టక టక. ఆవిడ వచ్చింది.

"నాలుగున్నరకి ఒప్పుకున్నారు."

మావాడు ఫోను చెవిన పెట్టుకుని వరండాలోకి నడిచాడు. అవునన్నా, చెప్పానన్నా, పాపం ఆడమనిషన్నా... తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మళ్ళీ తెర వెనక్కి వెళ్ళింది, వచ్చింది.

"సరే. మూడు."

నేను ఏదో ఒకటి అని ఉండాల్సింది. నోటినిండా ఆవిడ బిస్కెట్లే ఉన్నాయి.

"మరి ఇకమీద ప్రశ్నలకి జవాబులు ఎవరిస్తారు?" అన్నాడు మావాడు.

"ఆయనే ఇస్తారు. ఆయన మానరు."

మావాడు ఫోనులో సైటు తెరిచాడు. ఆఖరి జవాబు ఒక నిమిషం కిందటిది. 'దారం తెగుతూంటే సూది తిరగేసి పెట్టారేమో చూసుకోండి.' బాగుందన్నట్టు తలూపి, సైటు ఎవరి పేరున ఉందో ఆ కాగితాలు అడిగాడు. ఆవిడ ఒక కవరు ఇచ్చింది. నేను విప్పాను. పైన సైటు కాగితం, భర్త పేరు మీద. దాని కింద ఇంకోటి.

అది ఆయన మరణ ధ్రువపత్రం. పద్నాలుగు నెలల కిందటిది.

తెర వెనక టైపు చప్పుడు ఆగలేదు.

నా గొంతులో బిస్కెట్ అడ్డంపడింది. మావాడు మాత్రం చిన్నగా నవ్వాడు. వాడికి తెలిసిన లోకంలో చచ్చినవాళ్ళు టైపు చెయ్యరు, ధర నిలబెట్టడానికి ఎవరో ఒకణ్ణి కూర్చోబెడతారు. "అక్కా, నాటకం బాగుంది" అన్నాడు. "కానీ మనిషి పోయిన సైటుకి మూడు లక్షలెవరిస్తారు? పోయినవాడి సరుకు. అందులో సగం. లక్షన్నర."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. లేచి వెళ్ళింది. ఈసారి లోపలికి వెళ్ళలేదు. మా ఎదురుగానే నిలబడి, తెరకి మొహం ఆనించి ఏదో అంది. తెర గుడ్డ లోపలి నుంచి ఆవిడ మొహం మీదకి ఉబ్బింది... వెనక్కి పోయింది. మేం కూర్చున్న గదికి ఒక్క కిటికీ లేదు. గాలి లేదు.

టైపు చప్పుడు ఆగింది.

"ఒప్పుకున్నారు" అందావిడ ఇటు తిరిగి. "తగ్గించినదానికి బదులు ఒకటి అడుగుతున్నారు. డబ్బు కాదు. మీ పార్ట్‌నర్ స్థానం ఆయనకి ఇమ్మంటున్నారు. మీ పార్ట్‌నర్ తప్పుకుంటే చాలట."

మావాడు పొంగిపోయాడు. లేనివాడి కుర్చీ ఇచ్చేస్తే ఆరు లక్షల్లో నాలుగున్నర మిగులు. బతుకంతా బేరమాడినా ఇలాంటిది దొరకదు. అయినా అలవాటు మానలేక, ఇంకో పాతిక వేలు రాలతాయేమోనని, "ఒక్క నిమిషం, మా పార్ట్‌నర్‌నే అడిగొస్తా" అని వరండాలోకి వెళ్ళాడు.

తెరిచిన తలుపులోంచి నాకు వాడి వీపు కనిపిస్తోంది.

"అన్నా, నీ స్థానం అడుగుతున్నారు. ఏమంటావ్?" అన్నాడు గట్టిగా. తర్వాత ఎప్పటిలాగే ఆగాడు. అవతలివాడి జవాబు వింటున్నట్టు పదిదాకా లెక్కపెట్టడం వాడి పద్ధతి.

నేనూ లోలోపల లెక్కపెట్టాను. పది. పదిహేను. ఇరవై.

"ఎవరు?" అన్నాడు.

వాన చప్పుడు.

లోపలికొచ్చాడు. పెదాలు తెల్లగా అయిపోయాయి. నా చెవిలో గుసగుసగా, "ఒప్పుకున్నాడు బావా" అన్నాడు.

"ఎవడ్రా?"

"పార్ట్‌నర్..."

"ఫోను ఎవరికి చేశావ్?"

చేతిలో ఫోను చూపించాడు. అది ఆపేసి ఉంది.

"లే, పోదాం" అన్నాను.

వాడు ఆవిడ వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. భయం వాణ్ణి గట్టిగానే పట్టుకుంది, కానీ ధర అంతకన్నా గట్టిగా పట్టుకుంది. "ఆరు లక్షల సైటు బావా" అన్నాడు. సంతకం పెట్టాడు. ఆ షరతు కాగితం మీద నా చేత్తోనే రాశాను. సాక్షి సంతకమూ పెట్టాను.

సిరా ఆరకముందే ఆవిడ చెప్పులేసుకుంది. సంచి తలుపు పక్కనే సర్ది ఉంది. వెళ్తూ తెర పక్కకి లాగింది. బల్ల, కంప్యూటరు, ఖాళీ కుర్చీ. వెనకంతా గోడ. ఎవరూ లేరు.

"ఇంక ఇక్కడ ఎవరూ లేరులెండి" అంది. "మీకు ముందు ముగ్గురొచ్చారు. ముగ్గురూ ఆరు లక్షలూ ఇస్తామన్నారు. వెనక్కి పంపించేశాను. న్యాయంగా ఇస్తే ఆయన అడగడానికి ఏం మిగులుతుంది? తగ్గించే మనిషి కోసం పద్నాలుగు నెలలు చూశాను తమ్ముడూ."

మెట్లు దిగుతూ ఆవిడ ఆవలించడం వినపడింది. అంత హాయిగా ఆవలించిన మనిషిని నేను చూళ్ళేదు.

మావాడి గది మా షాపు మీదే. మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం నుంచి పైన టైపు చప్పుడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. వాడికి కుట్టుమిషన్‌లో సూది ఎక్కడుంటుందో కూడా తెలియదు. సైటులో మాత్రం ఒక్క ప్రశ్న ఆగడం లేదు. మీవాడు ఎట్టకేలకి పని నేర్చుకున్నాడని వీధిలో అన్నారు. నేనూ రెండు జోకులు వేశాను.

మూడోవారం మా ఆవిడ అన్నం పంపిస్తే పైకి తీసుకెళ్ళాను. మెట్ల మీదే మిషన్ నూనె వాసన తగిలింది. బల్ల ముందు రెండు కుర్చీలు. కుడిపక్కదాంట్లో మావాడు, వేళ్ళ చివర్లు పగిలి నెత్తురు కారి కీబోర్డు మీదే ఎండిపోయి ఉంది. కళ్ళ కింద నలుపు. కంచం ముందు పెడితే అన్నం సరిగ్గా సగం తిన్నాడు. మిగతా సగం ఎడమ పక్కకి జరిపాడు.

"నిద్రపోయావా?" అన్నాను.

"రెండు గంటలు అడిగాను బావా" అన్నాడు కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండా. "గంటే ఇస్తానన్నాడు."

రెక్క పట్టుకుని లాగాను. మెట్లదాకా వచ్చాడు. వేళ్ళు గాల్లో టైపు చేస్తూనే ఉన్నాయి. అప్పుడు వాడి జేబులో ఫోను మోగింది. ఆపేసి ఉన్న ఫోను... వాడు నా చెయ్యి విడిపించుకుని, చిన్నపిల్లాడిలా తలొంచుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆవిడకి ఫోను చేశాను. వెనక కుట్టుమిషన్ల చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు.

"గంట ఇస్తున్నారా?" అంది. "నాకు అరగంటే ఇచ్చేవారు. మీవాడు బేరం బాగానే ఆడుతున్నాడన్నయ్యగారూ."

తర్వాత అమ్మేద్దామన్నాడు. కొనేవాళ్ళు వచ్చారు. ఆరు లక్షలు చెప్పాడు. వాళ్ళు సరేననగానే, "ఒక్క నిమిషం" అని పక్క గదిలోకి వెళ్ళి ఏడుపు మొహంతో వచ్చాడు. "పార్ట్‌నర్ ఒప్పుకోవడం లేదండీ." ఇంకొకరికి మూడుకిస్తానన్నాడు. ఇంకొకరికి ఊరికే ఇస్తానన్నాడు, కాళ్ళు పట్టుకున్నాడు. పార్ట్‌నర్ ఒప్పుకోలేదు. వాళ్ళు మెట్లు దిగి వస్తూ నాతో అనేవారు, "ఇతగాడి ఎత్తులు మాకు తెలుసండీ, లేని పార్ట్‌నర్‌ని చూపించి ధర పెంచుతున్నాడు" అని. నేను వాళ్ళకి ఏం చెప్పను?

మొన్న సైట్లు అమ్మకానికి పెట్టే వెబ్‌సైటులో ఎవరో కొత్త ప్రకటన పెట్టారని ఒకతను నాకు చూపించాడు. పెట్టినవాడి పేరు దగ్గర 'పార్ట్‌నర్' అని ఉంది. అది సైటు అమ్మకం కాదు.

'నడుస్తున్నది. మగ. ముప్ఫై తొమ్మిదేళ్ళు. రోజుకి ఇరవై మూడు గంటలు పనిచేస్తుంది. తిండి సగం చాలు. నిద్ర ఇంకా తగ్గించవచ్చు. న్యాయమైన ధర. బేరాలు లేవు.'

కింద ఎవరో ప్రశ్న అడిగారు. 'పళ్ళు అన్నీ ఉన్నాయా?'

జవాబు నిమిషంలోనే వచ్చింది. 'ఉన్నాయి.'

ఈ ఉదయం చూస్తే ప్రకటన మీద 'అమ్ముడైంది' అని ఉంది. పైన టైపు చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. కొన్నవాళ్ళెవరో రాయలేదు. పది గంటల నుంచి షాపు ముందు ఒక బండి ఆగి ఉంది. అద్దాలకి లోపల తెరలు కట్టి ఉన్నాయి. డ్రైవర్ సీటులో ఎవరూ లేరు... ఇంజను మాత్రం ఆపలేదు.