మాటలు మోసిన చంద్రకళ

శనివారం మధ్యాహ్నం గంట కొట్టగానే చంద్రకళ భుజం మీదుగా పచ్చ రిబ్బను కట్టుకుంది. ఇవాళ రాయబారి తనే. ఆ రిబ్బను తమ వంతుకు ఎప్పుడు వస్తుందా అని ఏడో తరగతిలో అందరూ ఎదురుచూస్తారు మరి.

పటాన్‌చెరు హైస్కూల్లో ఎలిజబెత్ టీచర్ పెట్టిన సంఘం పేరు రాయబార సంఘం. చుట్టుపక్కల ఊళ్ల తగవులను పిల్లలు అక్కడ వాదించి తేల్చుకోవాలి. ఒక పక్షం వరండాకు ఈ కొసన ఉన్న గదిలో, ఇంకో పక్షం ఆ కొసన ఉన్న గదిలో కూర్చుంటుంది. ఒకరికొకరు కనిపించకూడదు. మాటలు మోసేది రాయబారి ఒక్కరే. టీచర్ వరండా మధ్యలో కుర్చీ వేసుకుని స్వెటర్ అల్లుకుంటారు. పిలిస్తే తప్ప పలకరు.

ఇవాళ్టి తగవు నిజమైనదే. సంగారెడ్డి నుంచి పొద్దున వచ్చే బస్సు కందిలో ఆగుతుంది, ఇస్నాపూర్‌లో ఆగదు. ఇస్నాపూర్ కిరాయి గదుల్లో ఉండే ఫ్యాక్టరీ పనివాళ్ల పిల్లలు బడికి నడిచి వస్తారు. వాళ్ల తరఫు పెద్ద సొలొమోను. కంది పిల్లల తరఫు పెద్ద విశ్వేశ్వర్. రెండు పక్షాలూ ఒక్క మాట మీదికి వస్తే, టీచర్ సోమవారం వాళ్లను డిపో మేనేజర్ దగ్గరికి తీసుకువెళ్తారు. లేకపోతే సొలొమోను నడక నడకే.

వాన అప్పుడే వెలిసింది. పెంకుల మీంచి జారే చినుకులను తప్పించుకుంటూ చంద్రకళ మొదటి మాట మోసింది. ఒక్క నిమిషం బస్సు ఆపితే చాలు, మేం వరసగా ఎక్కుతాం అన్నది సొలొమోను మాట. చంద్రకళకు అది చప్పగా అనిపించింది. కంది గది గుమ్మంలో నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఒక్క నిమిషం ఆపితే మీ సొమ్మేం పోతుందని అడుగుతున్నారంది. పిల్లలంతా పడీపడీ నవ్వారు. విశ్వేశ్వర్ మాత్రం మూతి ముడిచాడు.

బస్సు ఇప్పటికే నిండుగా వస్తోంది, పుస్తకాల సంచులు నలిగిపోతున్నాయి, ఏదైనా ఉపాయం ఉంటే చెప్పమను అన్నాడు అతను.

చంద్రకళ గంతులేసుకుంటూ ఇస్నాపూర్ గదికి వెళ్లింది. ముక్కు ఎగరేసి, విశ్వేశ్వర్ గొంతును అనుకరించింది.

"మీరెక్కితే మా సంచులు నలుగుతయట. నడుచుకుంటనే రమ్మన్నరు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సొలొమోను తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మోకాళ్ల దాకా ఎర్రటి బురద చారలు.

"సరే తియ్యి, నడిచే వస్తం. వాళ్లతోటి మాకు మాటల్లేవని చెప్పు" అంటూ సంచి అందుకున్నాడు. మిగతావాళ్లూ లేచారు.

వాళ్లు వెళ్లిపోతే సోమవారం లేదు, డిపో లేదు. చంద్రకళ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నడిచి రమ్మన్న మాట వాళ్లది కాదు. నేను కలిపిన" అంది. "ఉపాయం ఉంటే చెప్పుమన్నరు. గంతే."

"నీకు నవ్వులాట, మాకు నడక" అన్నాడు సొలొమోను. చంద్రకళ తల దించుకుంది. అతని కోపం ఇంకా చల్లారలేదు. "ఆ బస్సేమన్న వాళ్ల తాత కొనిచ్చిండా, గా మాట అడుగు పో."

మామూలుగా అయితే ఆ మాటకు ఇంకో రెండు చేర్చి పరుగెత్తేది. ఇప్పుడు కదల్లేదు.

"బస్సేమన్న మీ తాత కొనిచ్చిండా. గిదే చెప్పాల్నా?" అని మెల్లగా అడిగింది.

తన మాట తనకే వినిపించేసరికి సొలొమోనుకు నవ్వొచ్చింది. మళ్లీ కూర్చున్నాడు. పక్కనున్న జయశీలతో కాసేపు గుసగుసలాడాడు.

"వద్దు. గిట్ల చెప్పు. మాకు సీట్లొద్దు, నిలబడే వస్తం. కూసున్నోళ్లు అందరి సంచులు ఒళ్లె పెట్టుకుంటే ఏదీ నలగది, నిలబడెతందుకు జాగ గూడ అయితది."

చంద్రకళ ఆ మాటను అతనికి మళ్లీ అప్పజెప్పింది. అతను తల ఊపాకే కదిలింది. చినుకులు నెత్తిన పడుతున్నా ఈసారి గంతులు వేయలేదు. కంది గదిలో ముందు తను చేర్చిన సొమ్ము మాట సంగతి ఒప్పుకుంది, తర్వాత సొలొమోను చెప్పింది చెప్పినట్టు చెప్పింది. విశ్వేశ్వర్ చెవి గోక్కుంటూ ఆలోచించాడు.

"సరే అను" అన్నాడు.

"సరే. గంతేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "సొలొమోను సంచి నేను పట్టుకుంట అని గూడ చెప్పు."

వరండాలో టీచర్ అల్లిక ఆపి, కళ్లజోడు పైనుంచి చూశారు. చంద్రకళ పెదవులు కదుపుకుంటూ ఆమెను దాటిపోయింది.

ఇస్నాపూర్ పిల్లలు గుమ్మం వైపే చూస్తున్నారు. చంద్రకళ చేతులు కట్టుకుని నిలబడింది.

"సరే అన్నరు. సొలొమోను సంచి విశ్వేశ్వర్ పట్టుకుంటడట."

గదంతా ఒక్కసారి గోలగోలగా అయింది. ఎలా అన్నాడో ఒకసారి చేసి చూపించమని జయశీల బతిమాలింది.

"గట్లనే అన్నడు" అని, చంద్రకళ టీచర్‌ను పిలవడానికి వెళ్లింది.