పన్నెండు చిక్కుడు గింజలు

పొద్దున్నే టీ గ్లాసుతో డాబా మీదికెళ్ళిన కూతురికి మూలనున్న నారు ట్రే కనిపించింది. తడి ఎరువు నుంచి కుళ్ళు వాసన కొడుతోంది. ఒక గుంటలో వేలు పెట్టి కెలికింది. చిక్కుడు గింజ మెత్తగా చితికి వేలికంటుకుంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

అమ్మ పోయే ముందు దాచిన గింజలవి, మొత్తం పన్నెండు. ఊదా అంచున్న ఆ చిక్కుడు ఇంకెక్కడా దొరకదు. ఆఫీసు పని మీద తను పది రోజులు లేకపోయేసరికి, తండ్రి అన్నీ ఒకేసారి నాటేశాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"నాన్నా! పైకి రా!"

లారీ డ్రైవరుగా రిటైరైన తండ్రి మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కాడు.

"ఏ మట్టి వేశావు ఇందులో?"

"మట్టెందుకు, అచ్చంగా ఎరువే వేశా. ఎరువు కుప్ప నడుమ నల్లగా నిగనిగలాడుతోంది. బలం పట్టాలని."

"అది ఇంకా మాగనే లేదు! అప్పుడే గింజకి అంత బలమెందుకు? ఏడాది మాగిన ఎరువు జల్లించి, పిడికెడంటే పిడికెడు కొబ్బరిపొట్టులో కలిపేది అమ్మ."

"నాకెవరు చెప్పారు?"

"నువ్వెవర్ని అడిగావు?" ఆమె గొంతు పక్కింటి దాకా వినిపించింది. "ముప్పై ఏళ్ళు పక్కనే ఉండి ఒక్కసారైనా అడిగావా? దారి అడగని డ్రైవరని గొప్పలు! అమ్మ గింజల్నీ అలాగే గుంతలోకి తోలావు!"

తండ్రి ముఖం కందగడ్డయింది. "నోరు అదుపులో పెట్టుకో! నేనేదో పరాయివాణ్ణయినట్టు వాటిని నీ గదిలో దాచుకున్నావు. ఒక్క గింజైనా నా చేతిలో పెట్టావా?"

"పెట్టలేదు కాబట్టే ఇన్నాళ్ళూ బతికాయి!"

ఆ మాటకి ఆయన పిట్టగోడ మీద కూలబడ్డాడు. "కుప్పలో చేయి పెట్టి చూశా. వెచ్చగా ఉంది. చలి కదా, పాపం, వెచ్చగా పడుకుంటాయనుకున్నా" అన్నాడు.

ఆమె ట్రే పారబోద్దామని విసురుగా ఎత్తింది. చివరి గుంటలో, మెడ వంచుకుని, ఒక మొలక కనిపించింది.

"దీంట్లో ఏం వేశావు?"

"ఎరువు చాల్లేదు. మీ అమ్మ పాత కుండీలో మట్టి దులిపి వేశా."

ఆమెకి ఏడుపు ఆగలేదు. కోపమూ పోలేదు. పదకొండు గింజలు పోయాయి, మళ్ళీ రావు. అమ్మ తనకి నేర్పిందంతా తనూ గదిలోనే దాచుకుందని, ఈయన్ని పక్కన నిలబెట్టుకుని ఒక్కరోజూ చూపించలేదని అప్పుడు తెలిసింది. మొలకని పెద్ద కుండీలోకి మార్చాలి. కిందికెళ్ళి మాగిన ఎరువు గంపతో పాటు అమ్మ జల్లెడ తెచ్చి, దాన్ని ఆయన ముందు ఠంగుమని పడేసింది.

ఆయన దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఎంత సన్నగా జల్లించాలమ్మా?"

ఆమె ముక్కు ఎగబీల్చి ఆయన పక్కన గొంతుక్కూర్చుంది. "చేయి ఇటివ్వు, చూపిస్తాను."