నీలం ఎక్కువైన సముద్రం

చంద్రశేఖరం కూతురు ఛానళ్ళు రాని టీవీ కొన్నదట.

ఈ మాట పుట్టింది ఎదురింటి దాలమ్మ నోట్లో. దాలమ్మ కుళాయి దగ్గర కుమారితో అన్నది. కుమారి బిందె చంకలోంచి దించకుండానే వచ్చి, గుమ్మంలో నిలబడి ఆ పిల్ల తల్లి ప్రసూనాంబకు అప్పజెప్పింది.

"నానన్నమాట కాదు పిన్నీ, దాలమ్మ అన్నమాట. అంత రేటెట్టి కొన్నాదట, సినిమా రాదట, సీరియల్ రాదట. పైగా గుర్రానికి గంతలు కట్టినట్టు దానికి రెండేపులా నల్లట్టలు కట్టినాదట. ఆ రేటుకి మెళ్ళోకి గొలుసొచ్చీది గదా అంటంది."

"దాలమ్మ మెళ్ళో గొలుసులో ఏ సినిమా వస్తందో కనుక్కుని రా," అంది ప్రసూనాంబ, చేటలో బియ్యంలోంచి రాయి ఏరి పారేస్తూ. "మా గుంట కొన్నది బొమ్మలేసుకోడానికి. అది టీవీ కాదు. మానిటరో ఏదో అంటారు."

కుమారి వెళ్ళిపోయింది. వీధిలోకి గట్టిగానే సమాధానం చెప్పింది గానీ, ప్రసూనాంబకు లోపల కుదురు లేదు. ఆ పెట్టె ఇంటికొచ్చిన రోజు నుంచి తండ్రీ కూతుళ్ళు ఎదురుపడితే ఇద్దరూ గోడకేసి చూసుకుంటున్నారు.

నరసన్నపేటలో చంద్రశేఖరం ఇల్లంటే రంగుల ఇల్లే. తాతల నాటి నుంచి దేవుడి పని. చుట్టుపక్కల ఏ గుడిలో వాహనానికి రంగు వెలిసినా, ఏ గోపురం మీద బొమ్మకు ముక్కు విరిగినా మొదటి కబురు ఆయనకే. కొలతలు, కొలపాత్రలు ఆయనకు తెలియవు. కొబ్బరిచిప్పలో పుల్లతో కలుపుతూ, ఒకసారి వెలుగులోకి ఎత్తి చూసి, "వచ్చీసింది" అంటాడు. వచ్చేసినట్టే. అవతలి గది గోడ మీద వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుడు ఉన్నాడు. ఆశ్రిత పుట్టిన ఏడాది వేసిన బొమ్మ అది. వాన వెలిశాక పొద్దుటి ఆకాశంలా ఉంటుంది ఆ నీలం. చూసినవాళ్ళు చెప్పులు విప్పి దండం పెట్టేవారు.

ఆశ్రిత ఆయన ఒళ్ళో కూర్చునే రంగు నేర్చుకుంది. విశాఖలో బొమ్మల చదువు చదివి, తిరిగి ఇంటికే వచ్చి, కంప్యూటర్ మీద పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తోంది. చేతిలో కుంచె మారింది గానీ, వెనకాల ముక్కాలిపీట మీద తండ్రి మారలేదు.

బెంగుళూరు ప్రచురణకర్తలు ఒక పుస్తకం ఇచ్చారు. భావనపాడులో వల అల్లే పిల్ల కథ. ప్రతి పేజీలోనూ సముద్రమే. ఆశ్రిత రంగు వేస్తుంటే వెనక నుంచి ఆయన, "ఇంకాస్త నీలం పడాలమ్మా. సంద్రం సచ్చిపోయినట్టున్నాది," అనేవాడు. ఆమె వేసేది. "ఇంకాస్త." ఇంకాస్త వేసేది. నాన్న కన్ను కదా.

నమూనా అచ్చు వచ్చింది. సముద్రం బట్టలకు పెట్టే నీలిమందు బకెట్‌లా ఉంది. పిల్ల జడకున్న తెల్ల రిబ్బను కూడా నీలంగానే ఉంది. కింద సంపాదకురాలు మర్యాదగా రాసింది, రంగులు సరిచేయకపోతే పుస్తకం వేరేవాళ్ళకు ఇవ్వాల్సి వస్తుందని. ఆశ్రితకు అది మొదటి సొంత పుస్తకం. అట్ట మీద పేరు పడే పుస్తకం.

తప్పు పాత లాప్‌టాప్‌దే అనుకుంది. దాని తెర కాస్త వంచితే ఒక రంగు, నిలబెడితే ఒక రంగు చూపిస్తుంది. అందుకే దాచుకున్నదంతా తీసి, అన్న శ్రీనాథ్‌ను వెంటబెట్టుకుని విశాఖ వెళ్ళింది.

షాపువాడు ముందు వంకర తెర ఒకటి చూపించాడు. అందులో నెమలి పురి విప్పి ఆడుతోంది. శ్రీనాథ్ నోరు తెరిచాడు. దాని వెనకాల దీపాలు కూడా వెలుగుతున్నాయి.

"ఇది తీసుకోవే. గేములాడితే తెరలోకి ఎల్లిపోయినట్టుంటాది."

"నాకు బైటే ఉండాలన్నయ్యా," అంది ఆశ్రిత. సంచిలోంచి రెండు వస్తువులు తీసింది. ఒకటి నమూనా అచ్చు కాగితం. ఇంకోటి అమ్మ పసుపు చీర చిరుగు ముక్క. ఆ ముక్కను ఫోటో తీసి పెట్టుకుంది. ఒక్కో తెర మీద అవే తెరిపించి, చేతిలోదాన్ని పక్కన పెట్టి చూసుకుంటూ వెళ్ళింది. వంకర తెరలో అమ్మ చీర నిమ్మకాయై కూర్చుంది. ఇంకోదాంట్లో నారింజ అయింది. వరస చివర ఒకటుంది. మెరుపు లేదు, తళుకు లేదు, కాస్త గరుకుగా ఉన్న తెర. దాని ముందు పెడితే చీర ముక్క చీర ముక్కలాగే ఉంది. వలలో ముడి ముడికీ దారం కనిపించింది. రంగు ఎంత సరిగ్గా వస్తుందో పరీక్షించి రాసిన కాగితం పెట్టెలోనే ఉంది. పక్క వెలుతురు పడకుండా నల్ల అట్టలూ ఉన్నాయి.

"మేడం, ఇది షోకుండదండి. ఎవరూ అడగరు," అన్నాడు షాపువాడు.

"నేను అడుగుతన్నాను గదా," అంది ఆశ్రిత.

ఆ పెట్టె మీద పాత సముద్రం అచ్చులో ఉన్నంత నీలంగానే కనబడింది. దాన్ని మొదటి నుంచీ మళ్ళీ వేసింది. ఈసారి నాన్నతో సహా ఎవరి మాటా వినకుండా, భావనపాడు ఒడ్డున తను తీసిన ఫోటోలు పక్కన పెట్టుకుని వేసింది.

దాలమ్మ మాట వీధి తిరిగిన ఆ పొద్దున్నే చంద్రశేఖరం పూజ ముగించి, విభూతి నుదుటితో గదిలోకి వచ్చాడు. చాలా రోజుల తర్వాత ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తెరకేసి చూశాడు.

"ఇదేటి?"

"సంద్రం నాన్నా."

"సంద్రమా? బియ్యం కడుగునీళ్ళలాగున్నాది. నీలమేదే?"

"ఉంది నాన్నా. ఉండాల్సినంత ఉంది."

"నేదు. ఈ డబ్బా నిన్ను మోసం సేసింది. ఒరే శ్రీనాథూ, ఆ షాపువోడికి ఫోన్ కొట్టు. ఎనక్కి తీసుకోమను."

శ్రీనాథ్ టిఫిన్ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చాడు. "నానప్పుడే సెప్పినాను, వంకరది తీసుకోమని. దానికైతే లైట్లు కూడా ఉన్నాయి."

"నీకు లైట్లు కావాలంటే గుమ్మానికి కట్టుకోరా," అంది ప్రసూనాంబ వెనక నుంచి.

"ఇది ఎనక్కెల్లదు," అంది ఆశ్రిత. కుర్చీ తండ్రివైపు తిప్పింది. "ఎల్తే దాంతోపాటు నేనూ ఎల్తాను."

"ఏటే ఆ మాట? నువ్వు పుట్టకముందు నుంచి ఈ సేత్తో రంగు కలుపుతన్నాను. ఏ గుడికెల్లి అడిగినా సెప్తారు నా కన్నేటో. నాకు గాజుపెట్టె సెప్తాదా రంగు?"

"గాజుపెట్టె సెప్పదు. నేను సెప్తన్నాను."

ఆమె రెండు కాగితాల్లాంటి గళ్ళు తెర మీద పక్కపక్కన తెరిచింది. ఒకటి తెలుపు. ఇంకోటి లేత వెన్నపూస రంగు. "ఇందులో తెల్లదేది నాన్నా?"

చంద్రశేఖరం ముందుకు వంగాడు. వెనక్కి జరిగాడు. "రెండూ తెల్లవే. ఆటలా?"

శ్రీనాథ్ చేతిలో ఇడ్లీ ముక్క నోటిదాకా వెళ్ళి ఆగింది. "నాన్నా... ఎడమేపుది పసుపు గదా," అన్నాడు మెల్లగా.

"నీ కంట్లో పొర వచ్చింది నాన్నా," అంది ఆశ్రిత. "అది నీలాన్ని తాగీస్తంది. నీకు కనపడక ఇంకాస్త ఇంకాస్త అంటన్నావు. నేను పోస్తన్నాను. నా పుస్తకం అందుకే ఎనక్కొచ్చింది. లాప్‌టాప్ తప్పనుకున్నాను. కాదు. నీ కంటిదని తెలిసి కూడా నోరు మూసుకుని ఇంకో సంద్రం పాడు సెయ్యలేను. కోటబొమ్మాళిలో..."

"ఒసే," అంది ప్రసూనాంబ.

ఆశ్రిత కుర్చీ మళ్ళీ తెరవైపు తిప్పుకుంది.

"కోటబొమ్మాళిలో ఏటి?" అన్నాడు చంద్రశేఖరం. భార్యకేసి చూశాడు. ఆమె చీర కొంగు సర్దుకుంది. కొడుకుకేసి చూశాడు. వాడు పళ్ళెంలోకి చూశాడు.

ఆయన లేచాడు. ముక్కాలిపీటను కాలితో గోడవారకు జరిపి, "నా కంటికి వంక పెట్టీవోళ్ళు నా ఇంట్లోనే పుట్టీసినారు," అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆశ్రిత అన్నం వడ్డిస్తే పళ్ళెం తోసేశాడు. రాత్రీ అంతే. ఆ తర్వాత భార్య వడ్డిస్తే తినడం, కూతురు గిన్నె ముట్టుకుంటే లేచిపోవడం అలవాటైంది.

"పోనీ సారీ సెప్పీవే," అని బతిమాలింది ప్రసూనాంబ. "ఒక్క ముక్క. ఏం పోతాది నీకు?"

"తప్పు సెప్పుంటే తప్పైపోయింది అనీదాన్ని. నిజం సెప్పినాను. దానికి సారీ ఏటమ్మా?" అంది ఆశ్రిత. "నువ్వు సెప్పాల్సింది. నువ్వు సెప్పనేదు గనక నేను సెప్పినాను."

ప్రసూనాంబ ఆ మాటకు చేటలో బియ్యం మళ్ళీ మొదటి నుంచి ఏరింది.

ఆశ్రిత సముద్రం పేజీలు తండ్రి చూడకుండానే బెంగుళూరు పంపేసింది. జీవితంలో ఆయన "వచ్చీసింది" అనకుండా పంపిన బొమ్మలు అవే. పంపాక గది తలుపు వేసుకోలేదు. తెర ముఖం వాకిలివైపు తిప్పి, అందరికీ కనబడేలా పెట్టి ఇంకో పని మొదలెట్టింది. కుమారి రోజూ కుళాయికి వెళ్తూ చూసి వెళ్ళేది. దాలమ్మకు చెప్పడానికి కొత్తగా ఏమీ దొరకలేదు.

ఒకరోజు పొద్దున్న పూజకు పూలు కోస్తూ చంద్రశేఖరం పెరట్లో నిలబడిపోయాడు. రెండు అరచేతుల్లో రెండు చామంతులు. ఒకటి తెల్లది, ఒకటి లేత పసుపుది. ఎండలోకి జరిగాడు. నీడలోకి జరిగాడు. నీళ్ళ బిందెతో వచ్చిన భార్యను పిలిచాడు.

"ప్రసూనా, ఇందులో తెల్లదేది?"

ఆమె కుడిచేతి పువ్వు చూపించింది.

"నిజవేనా?"

"దేవుడి పువ్వు మీద అబద్ధమేటి," అంది.

ఆయన రెండు పూలూ బుట్టలో వేసి, ఇంట్లోకి వెళ్ళి చొక్కా తొడుక్కున్నాడు. "ఒరే శ్రీనాథూ, బండి తీ. సీకాకుళం ఎల్లాలి," అన్నాడు. కూతురుకు చెప్పొద్దన్నాడు. కూతురు కిటికీలోంచి విన్నది. విననట్టే ఉంది.

రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయన్నారు డాక్టరు. ముందు కుడి కన్ను చేశారు. కట్టు విప్పిన రోజు నల్ల కళ్ళద్దాలతో ఇంటికొచ్చి, అరుగు మీద ఆగకుండా నేరుగా ఆశ్రిత గదిలోకి నడిచాడు. గోడవారనున్న ముక్కాలిపీటను తనే లాక్కుని కూర్చున్నాడు. అద్దాలు తీశాడు.

"ఆ కాయితాలు తియ్యి," అన్నాడు. ఇన్నాళ్ళకు మొదటి మాట.

ఆశ్రిత తీసింది. ఆయన ఎడమ కన్ను మూసి చూశాడు. కుడి కన్ను మూసి చూశాడు. తన పంచె అంచు పట్టుకుని అలాగే చూశాడు. ఒక కంటికి అది ఉతికిన పంచె. ఇంకో కంటికి టీలో తడిసిన పంచె. మళ్ళీ మళ్ళీ కళ్ళు మార్చి మార్చి చూస్తుంటే, శ్రీనాథ్‌కు నవ్వొచ్చి, నవ్వకుండా బయటికి నడిచాడు.

"నీ సంద్రం?"

కొత్త అచ్చు వచ్చి రెండు రోజులైంది. ఆశ్రిత దాన్ని ఎవరికీ చూపించకుండా బీరువాలో పెట్టింది. తీసి ఇచ్చింది. తెర మీద అదే పేజీ తెరిచింది. చంద్రశేఖరం కాగితాన్ని తెర పక్కన పెట్టి, ఆపరేషన్ అయిన కంటితో చాలాసేపు చూశాడు. ఒడ్డు దగ్గర మట్టి కలిసిన నీళ్ళు, లోపలికి వెళ్ళేకొద్దీ నీలం, వల ముడుల మీద ఎండ. పిల్ల రిబ్బను తెల్లగా ఉంది.

"రంగెక్కడా జారనేదు," అన్నాడు. కాగితం ఒళ్ళో పెట్టుకుని, "వచ్చీసింది," అన్నాడు. బొటనవేలితో కన్ను కింద తుడుచుకున్నాడు. "ఆపరేషన్ నీళ్ళు. వస్తాయన్నారు డాక్టరు."

ప్రసూనాంబ కాఫీ తెచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"కోటబొమ్మాళి కిష్ణుడి ఫోటో ఉందా నీకాడ?" అన్నాడాయన.

"ఇప్పుడెందుకు నాన్నా?"

"తియ్యమంటన్నాను."

కిందటేడాది గుడి గోపురం మీద ఆయన వేసిన కృష్ణుడు తెర నిండా వచ్చాడు. ఆ పెట్టె ఏదీ దాచలేదు. వేణువు బంగారం బాగుంది, నెమలిపింఛం బాగుంది. దేవుడి ఒళ్ళు మాత్రం సిరా బుడ్డిలో ముంచి తీసినట్టుంది. ఆయన తల తిప్పి అవతలి గది గోడ మీది వెన్నముద్ద కృష్ణుణ్ణి చూశాడు. మళ్ళీ తెర చూశాడు.

"ఆ గుడి జగన్నాధం పంతులు సూసినాడు. నాకు సాలువా కప్పినాడు," అన్నాడు నెమ్మదిగా. "నాకాడ పనిసేసీ కూర్మయ్య సూసినాడు. నిచ్చెన పట్టుకున్నది వాడే. ఊరంతా తలెత్తి సూసి దండం ఎట్టింది. నువ్వూ సూసినావు, మీ అన్నా సూసినాడు. ఇన్ని కళ్ళున్నాయి గదా సుట్టూ. ఒక్కరు... నాకు ఒక్కరు సెప్పుండొచ్చు గదేటి?"

ప్రసూనాంబ కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.

"సెప్పింది గదా ఒకత్తి. దాని సేతి అన్నం తోసీసినావు."