ఎర్రగుట్ట మోరీ కాడ వణికిన చక్రం

తాడ్వాయి దాటి ఎల్లారెడ్డి దారిన పోతుంటే, ఎర్రగుట్ట దిగగానే ఒక మోరీ వస్తుంది. కింద వాగు, పైన మోకాలెత్తు రాతి గోడ. చూడ్డానికి అంతే. కాని పొద్దుగూకిందంటే ఆ మోరీ మీదికి బండి తోలేవాడు లేడు. అక్కడ చిన్నవ్వ దెయ్యమై ఉంది అనేవారు. ఉంటే ఉండనీ, ఎవరినేం చేసింది అని అడిగితే... అక్కడి దొర కారు చక్రం పట్టుకుని ఊపుతుందట!

ఈ సంగతి నాకు చెప్పింది ఆ కారు నడిపిన సీమోనే. సికింద్రాబాదు మిలిటరీ షెడ్డులో పని నేర్చుకుని, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది దొర దగ్గర డ్రైవరుగా చేరాడు. నాకు దెయ్యాల మీద ఏ కోపమూ లేదు. వాటి పేరు చెప్పి బీదవాళ్ల గుడిసెలు పీకించేవాళ్లంటేనే ఒళ్లు మండుతుంది. అందుకే ఈ కథ నేను ఎక్కడైనా చెప్తాను.

సీమోను చేరిన మొదటి వారం. దొర కామారెడ్డి స్టేషన్లో రైలు దిగేసరికి రాత్రి ఎనిమిదైంది. తాడ్వాయి దాకా కారు బుద్ధిగానే నడిచింది. ఎర్రగుట్ట ఎక్కింది. దిగుడు మొదలైంది. దారిలో పురుగు లేదు. కారు వేగం అందుకుంది... ముల్లు ముప్పై అయిదు మైళ్ల మీదికి వచ్చింది...

అప్పుడు స్టీరింగు చేతుల్లో సన్నగా జలదరించింది.

తర్వాత గట్టిగా. తర్వాత మోచేతుల దాకా, భుజాల దాకా. తలుపులు గడగడలాడాయి. ఎవరో ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టి గుంజుతున్నట్టే ఉంది. వెనక సీట్లోంచి దొర గుసగుస — "ఆపకు... ఆపకురా..."

మోరీ దాటి అవతలి ఎత్తు ఎక్కుతుంటే కారు నెమ్మదించింది. వణుకు పోయింది. సీమోను దాచుకోలేదు, ఆ రాత్రి తనకు నిజంగానే భయం వేసిందన్నాడు.

మర్నాడు వాకబు చేస్తే తెలిసింది. చిన్నవ్వ ఆ మోరీ పక్క గుడిసెలో ఉండే హన్మవ్వ కూతురు. తల్లీకూతుళ్లిద్దరూ దొరకు వెట్టి చేసేవాళ్లు. అంతకు ముందు వానాకాలం, తన కోటలాంటి ఇంటికి, గడీకి, చుట్టాలు వచ్చారని వాళ్ల పరుపుల మూట వాగు అవతల నుంచి మోసుకు రమ్మన్నాడు దొర. వాగు మోరీ మీదుగా పొంగుతోంది, తెల్లారి తెస్తానంది చిన్నవ్వ. ఇప్పుడే తెమ్మన్నాడు. పోయిన పిల్ల రెండు రోజుల తర్వాత వాగులో శవమై దొరికింది. పరుపులు దొరకలేదని దొర తిట్టాడు కూడా.

కారు ఊగడం మొదలైంది ఆ తర్వాతే. మంత్రగాడు వచ్చి నిమ్మకాయలు కోసి, ముగ్గు వేసి, తల్లి అక్కడున్నంత కాలం బిడ్డ కదలదని చెప్పాడు. తల్లే ఏదో చేయిస్తోందని కూడా అన్నాడు. అమావాస్యలోగా గుడిసె పీకేసి ముసలిదాన్ని ఊరు దాటించమని దొర హుకుం వేశాడు. ఆమెకు ఆ గుడిసె తప్ప నిలువ నీడ లేదు.

కబురు అందిన పూటే హన్మవ్వ గడీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఎప్పుడూ మాటకు ముందు 'నీ బాంచెన్', నీ బానిసను, అనే మనిషి. ఆ రోజు అనలేదు.

"దొరా, నా బిడ్డ బతికున్నన్ని దినాలు నీ మూటలు మోసింది. ఎన్నడన్న నీకు ఎదురు నిలవడ్డదా? చచ్చినంక పగ పట్టిందంటున్నవ్. పట్టేదుంటే చక్రమెందుకు పడ్తది... నీ మెడ లేదా?"

వాకిట్లో పదిమంది జీతగాళ్లు ఉన్నారు. ఒక్కడూ తలెత్తలేదు.

"నన్ను గా కార్ల కూసోబెట్టుకొని పో. నా ముంగట పట్టుమను, జూస్త."

అందరి ముందూ కాదంటే భయపడ్డట్టవుతుంది. దొర సరేనన్నాడు. అమావాస్య నాడే పోదామన్నాడు. చక్రం ఊగిందా, తెల్లారేసరికి గుడిసె ఉండదన్నాడు. ఊగకపోతే ఏం చేస్తాడో మాత్రం చెప్పలేదు.

అమావాస్యకు ఇంకా మూడు రోజులు. సీమోనుకు నిద్ర పట్టలేదు. చిన్నవ్వ రాత్రిళ్లే ఎందుకు పడుతుంది? పగలైతే గుట్ట మీద బండ్లు, గొర్రెల మందలు. కారు నడకే తప్ప పరుగు ఎక్కడిది? మర్నాడు మిట్టమధ్యాహ్నం కామారెడ్డి పక్క ఖాళీగా ఉన్న ఇంకో దిగుడు చూసుకుని కారును ముప్పై అయిదుకు తోలాడు. అక్కడా గడగడలాడింది. వాగు లేదు, మోరీ లేదు, చిన్నవ్వ ఆ దారి తొక్కిందీ లేదు.

వెంటనే కారు జాకీ మీద ఎత్తాడు. ముందు చక్రాన్ని తిప్పి, అంచు దగ్గర సుద్దముక్క పట్టాడు. చక్రం ఒక పక్క సుద్దను రాసుకుంటోంది, రెండో పక్క అంటడమే లేదు. నట్లన్నీ బిగువుగానే ఉన్నాయి. చక్రం విప్పి చూస్తే, చక్రం తొడిగే నడిమి బొడిపెకూ చక్రం రంధ్రానికీ మధ్య బియ్యపు గింజంత సందు.

కారుకు మొదట ఉన్నవి ఎద్దుబండికి ఉన్నట్టే కర్ర ఆకుల చక్రాలు. అవి వదులైతే, చిన్నవ్వ పోయిన ఆ వానాకాలమే, దొర సికింద్రాబాదు వేలంలో ఇంకేదో కారు ఇనుప చక్రాలు కొన్నాడట. నడిమి రంధ్రం చిన్నదై ఎక్కకపోతే ఊరి కమ్మరి సిద్ధిరాములు దాన్ని పెద్దది చేశాడు. సీమోను పోయి అడిగితే, సిద్ధిరాములు గర్వంగానే చెప్పాడు — "సందు నేనే పెట్టిన. బండి చక్రం ఇరుసుకు బిగుసుకుంటే ఎడ్లు చస్తయ్."

బండికి అది న్యాయమే. బండి చక్రం ఇరుసు మీద తిరుగుతుంది, దానికి సందు కావాలి. కారు చక్రం బొడిపెతో కలిసి తిరుగుతుంది, వెంట్రుకవాసి సందు కూడా ఉండకూడదు. బోల్టులు పట్టుకుని ఉంచుతాయే గాని చక్రాన్ని సరిగ్గా నడుమకు తెచ్చేది ఆ బొడిపే; నడుమ తప్పిన చక్రం వేగం అందుకోగానే ఊగుతుంది. సంగతి అర్థమయ్యాక సిద్ధిరాములు ముఖం పాలిపోయింది. దొరకు తెలిస్తే వీపు చీరేస్తాడు. ఎవరికీ చెప్పనని సీమోను మాటిచ్చాడు. హన్మవ్వకు కూడా చెప్పలేదు.

ఇద్దరూ తలుపు వేసుకుని పని చేశారు. సందులో సరిగ్గా కూర్చునేలా పలచని ఇనుప కట్లు కొట్టి, ఆకురాయితో రాసి, మళ్లీ రాసి, నాలుగు చక్రాలకూ తొడిగారు. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించారు. తిప్పితే సుద్ద చుట్టూ ఒక్కలాగే రాసుకుంది. అయినా ముందుగా ఒకసారి తోలి చూసే వీలు దొరకలేదు. అమావాస్య వచ్చేసింది.

హన్మవ్వను కారులో తన కాళ్ల దగ్గర కింద కూర్చోమన్నాడు దొర. ఆమె వినిపించుకోలేదు. సీమోను పక్క సీటెక్కి కూర్చుంది.

ఎర్రగుట్ట ఎక్కారు. చీకటి... కారు దీపాల్లో ఎర్రమట్టి తప్ప ఏమీ కనబడటం లేదు. దిగుడు మొదలైంది. ఇరవై అయిదు... ముప్పై... ముప్పై అయిదు...

"ఇంకా తోలు కొడుకా," అంది హన్మవ్వ.

నలభై. మోరీ వచ్చింది... మోరీ పోయింది. స్టీరింగు చేతుల్లో కదలకుండా ఉంది. సీమోను ఊపిరి వదిలాడు.

అంతలో మళ్లీ వణుకు!

స్టీరింగులో కాదు. వీపు వెనక. కూర్చున్న సీటే కదులుతోంది. వేగం తగ్గించాడు... వణుకు తగ్గలేదు. బ్రేకు వేశాడు. కారు ఆగింది. ఇంజను కూడా ఆపాడు. నాలుగు చక్రాలూ నేల మీద నిలిచి ఉన్నాయి. సీటు మాత్రం వణుకుతూనే ఉంది.

సీమోను కాళ్ల దగ్గరున్న లాంతరు ఎత్తి, వెనక్కి తిరిగాడు.

ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకుని — దొర. కళ్లు మూసుకున్నాడు. పళ్లు కొట్టుకుంటున్నాయి. పట్టు విడవడం లేదు.

హన్మవ్వ కూడా తిరిగి చూసింది. తొందరపడకుండా చూసింది.

"చక్రం ఊగలే," అంది. "గిది నా బిడ్డ పని కాదు దొరా. గిది నీదే."

తలుపు తీసుకుని దిగి, మోరీ మీదుగానే తన గుడిసెకు నడిచిపోయింది.