మైనస్ అరవై ఒకటి

గురుగ్రహం చుట్టూ తిరిగే గానిమీడ్ మీద, మంచు కింద కట్టిన విశ్వవిద్యాలయంలో ఆ ఉదయం కూడా పిల్లలు వరసగా నిలబడ్డారు. లాగోస్ వాళ్ళు, లిమా వాళ్ళు, బీరూట్ వాళ్ళు, కర్నూలు వాళ్ళు. ఒక్కొక్కరే వచ్చి కుర్చీలో కూర్చుని, జల్లెడలాంటి టోపీ తగిలించుకుని, తెర మీద బొమ్మలు చూసి వెళ్తున్నారు. చెయ్యీ చెయ్యీ పట్టుకు నడిచే ఇద్దరు ఆడవాళ్ళు, దండలు మార్చుకునే ఇద్దరు మగవాళ్ళు, పాఠం చెబుతున్న ట్రాన్స్‌జెండర్ టీచరు. బొమ్మ కనబడిన క్షణంలో మెదడులో పుట్టే వెగటును న్యూరల్ స్కానర్ పట్టుకుని అంకెగా చూపిస్తుంది. ఆ యంత్రం పేరు మనోతుల. మనసును తూచే, మాట్లాడే తక్కెడన్నమాట.

కాగితం మీద ప్రశ్నలిస్తే ఏ దేశం పిల్లలూ నిజం రాయరు. మంచివాళ్ళనిపించుకోవాలని కొందరు ‘మాకేం అభ్యంతరం లేదు’ అంటారు. ఇంట్లో తెలిస్తే కాళ్ళు విరగ్గొడతారని కొందరు లేని అసహ్యాన్ని తెచ్చిపెట్టుకుంటారు. అందుకే ఈ యంత్రం అవసరమని డాక్టర్ సువర్చల లోకానికి చెప్పింది.

ఆవిడకు అసలు అవసరం వేరు. గాలిని శుద్ధిచేసే ప్లాంటులో ఇంజనీరు తబిత, చీరాల మనిషి, ఆరేళ్ళుగా ఆవిడ ప్రాణం. తబిత ఉద్యోగ గడువు ముగిసింది. ఈ సాయంత్రం నాలుగింటికి భూమికి ఓడ. మళ్ళీ ఓడ వచ్చేది ఏడేళ్ళకి. జంట నమోదు పత్రం మీద తబిత ఎప్పుడో వేలిముద్ర వేసేసింది. సువర్చల కూడా వేస్తే తబిత ఇక్కడే ఉండిపోవచ్చు. అడ్డుపడే చట్టమేదీ లేదు. కాకపోతే ఆ రెండు పేర్లూ క్యాంపస్‌లోని ప్రతి తెర మీదా పడతాయి. “పిల్లలు మొహాన ఉమ్మేస్తారు తబితా, ముందు వాళ్ళ మనసులు చూడనీ” అంటూ సువర్చల ఆరేళ్ళు నెట్టుకొచ్చింది.

“డాక్టర్ గారూ, నాలుగు వందల పన్నెండు మందీ అయ్యారు. అందరూ సున్నకి కిందే ఉన్నారు” అంది మనోతుల.

“సున్న కంటే తక్కువ వెగటు ఎక్కడైనా ఉంటుందా? ఏదో చెడింది.”

“సున్న సరిచూడమంటారా?”

“దాని జోలికి పోకు! అది నా మెదడు కొలిచి పెట్టిన సున్న. వెగటు బొత్తిగా లేని మనిషి కావాలంటే ఇక్కడ నాకంటే ఎవరున్నారు?”

సున్నను వదిలేసి మిగతావన్నీ విప్పింది. తీగలు మార్చింది, సెన్సర్లు మార్చింది. ఎన్ని మార్చినా అవే మైనస్ అంకెలు. మూడు గంటలకు తబిత సంచీ భుజాన వేసుకుని వచ్చింది.

“నన్ను కూడా ఓసారి తూచవే, పోయేముందు.”

కూర్చుంది, బొమ్మలు చూసింది. తెర మీద పడిన అంకె: మైనస్ అరవై ఒకటి.

“చూశావా, నువ్వు కూడా మైనస్సే! పాడైపోయింది తబితా, ఈ మాయదారి యంత్రం ఇవాళే పాడైపోవాలా?”

తబిత ఆ అంకెను చాలాసేపు చూసింది. “సున్న ఎవరిది?”

“నాదే.”

“మా నాన్నకి నూనె కొట్టుండేది. తూచేముందు డబ్బా బరువు లెక్కలోకి రాకుండా, ఖాళీ డబ్బాకి సరిపడా రాళ్ళు అవతలి పళ్ళెంలో పెట్టి ధడా కట్టేవాడు. ఓసారి అడుగున నూనె మిగిలిందని చూసుకోకుండా ఓ డబ్బాకి కట్టాడు. ఆ తర్వాత పెట్టిన ఖాళీ డబ్బాలన్నీ తేలిపోయి పైకి లేచాయి. తక్కెడ చెడిందని రోజంతా తిట్టుకున్నాడు పాపం.” టోపీ తీసి కుర్చీ మీద పెట్టింది. “నీ డబ్బా ఖాళీదేనా సువ్వీ? నాలుగింటి దాకా ఓడ దగ్గరే ఉంటా.”

ఆమె వెళ్ళిపోయింది. సువర్చల ఆ టోపీ తనే తగిలించుకుని కుర్చీలో కూలబడింది. మనోతులతో అంది: “తబితను సున్న చేసి అందరినీ మళ్ళీ లెక్క కట్టు.”

అంకెలన్నీ చక్కగా సర్దుకున్నాయి. బీరూట్ అమ్మాయికి ఎనిమిది. లిమా అబ్బాయికి ఇరవై. మైనస్ పన్నెండు చూపించిన కర్నూలు కుర్రాడికి నలభై తొమ్మిది. వాళ్ళేం దేవతలు కారు. కానీ ఉమ్మేసే వాళ్ళూ కారు.

“నాది?”

“అరవై ఒకటి, డాక్టర్ గారూ. అందరికంటే ఎక్కువ.”

ఆవిడకు తన కాలేజీ మెస్ గుర్తొచ్చింది. ఇద్దరమ్మాయిల సంగతి బయటపడిన రోజు వాళ్ళు వచ్చి కూర్చోగానే బల్ల మొత్తం ఖాళీ అయింది. అందరికంటే ముందు పళ్ళెం తీసుకుని లేచింది తనే. తనని కూడా అనుమానిస్తారేమోనన్న భయంతో లేచాననుకుంది ఇన్నేళ్ళూ. ఆ పూట గొంతులోకి ఎగదన్నిన వెగటును మాత్రం ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు.

తెర మీద నమోదు పత్రం తెరిచింది. మూడూ నలభై అయింది. ఇప్పుడిక ఎవరికీ భయపడాల్సిన పనిలేదు. పిల్లల మనసులు తెలిసిపోయాయి, చట్టం ఉంది, తబిత ఓడ దగ్గర ఎదురుచూస్తోంది. వేలు ముందుకు చాచింది. తబిత పేరు పక్కన తన పేరు చూడగానే వేలు వెనక్కి వచ్చింది.

“వెయ్యవే, వెయ్యి” అని తన చేతిని తనే తిట్టుకుంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని నొక్కింది. వేలు గాజుకు అంగుళం దూరంలో ఆగిపోయింది. ఏడుపు ముంచుకొచ్చింది.

“టోపీ మీ తలకే ఉంది డాక్టర్ గారూ. ఇప్పుడు డెబ్భై” అంది మనోతుల.

“దాన్ని తగ్గించు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎలాగోలా తగ్గించు!”

“నేను తూచగలను, అంతే.”

నాలుగింటికి నేల సన్నగా అదిరింది. పత్రం మీద తబిత వేలిముద్ర ఒక్కటే ఉంది.